సర్వే రాయి చేసిన ధిక్కారం

తిరుపతి,
12-7-1998.

మాన్యులు చెంగల్రాయుడు గారికి,

నమస్కారాలు. పోయిన ఆదివారం మీ చెరుకు తోటలో ఫొటోలు తీస్తూ కాలవలో పడ్డ మనిషిని నేనే. పేరు జయచంద్ర. ప్యాంటు ఆరేదాకా కట్టుకోమని మీరిచ్చిన పంచె లాండ్రీలో ఉంది, రాగానే పంపుతాను.

ఆరోజు వణుకుతూ నా పని గురించి సరిగా చెప్పలేకపోయాను. ఇక్కడి విశ్వవిద్యాలయంలో వలసానంతర అధ్యయనాల విభాగంలో అయిదేళ్లుగా పిహెచ్.డి. చేస్తున్నాను. అంటే తెల్లవాళ్లు వదిలిపోయిన దేశాల్లో రాజకీయాలు, సమాజం, సంస్కృతి ఏమయ్యాయో చూడటం. ఆఫ్రికా, లాటిన్ అమెరికా, కరీబియన్ దీవులు, ఆగ్నేయాసియా అన్నీ మా విభాగం కిందికే వస్తాయి. విభాగం మాత్రం సైకిల్ స్టాండు పక్కన ఒకే గదిలో ఉంది.

మీ గట్టు మీది సర్వే రాయిని చూడగానే కెమెరా తీశాను. ఇంగ్లీషువాళ్లు మన భూమిని కొలిచి, తమ అధికారానికి గుర్తుగా నాటిన రాయి అది. దానికి మీరు పసుపు పూసి, బొట్టు పెట్టి, టెంకాయ కొడుతున్నారు! సామ్రాజ్యాన్ని పల్లె జనం మింగి అరిగించుకున్నారనడానికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? మా గైడు ప్రొఫెసర్ గంగాధరం గారికి ఫొటో చూపిస్తే, అయిదేళ్లలో మొదటిసారి నన్ను కూర్చోమన్నారు.

మీ పెద్దలు ఏ ఉద్దేశంతో ఆ రాయిని దేవుణ్ని చేశారో దయచేసి వివరంగా రాయండి.

భవదీయుడు,
జయచంద్ర

తా.క.: జవాబులో "ఊరికే" అన్న మాట మాత్రం వాడకండి. పోయిన ఏడాది ఒక ఊళ్లో నా పద్దెనిమిది ప్రశ్నలకూ "ఊరికే" అనే జవాబు వచ్చింది. ఆ అధ్యాయం మొత్తం పోయింది.


చింతగుంటపల్లె, ఐరాల మండలం,
20-7-1998.

చిరంజీవి జయచంద్రకు చెంగల్రాయుడు దీవించి రాసేది. ఇక్కడ మేమంతా బాగున్నాం. కాలవలో పడ్డందుకు నీకు జలుబు చేయలేదని తలుస్తాను.

నీ ఉత్తరం మా ఇంటామె తాయమ్మకు చదివి వినిపించాను. "ఆ పిల్లోడు అయిదేండ్లు సదివి రాయిని సూడను వచ్చినాడా?" అంది. ఆమె మాట పట్టించుకోకు. నాకైతే నువ్వు సమయానికి దొరికావు.

నా కష్టం ఇది. ఆ రాయికి ఇవతల నా పొలం, అవతల నా దాయాది మునిరామయ్య పొలం. రాయికి అయిదు గజాలు ఇవతల బావి ఉంది. మూడెకరాల చెరుకుకు ఆ బావే ఆధారం. రాయిని మావాళ్లు జరిపారనీ, బావి తనదేననీ మునిరామయ్య ఏడేళ్లుగా చిత్తూరు కోర్టులో దావా నడుపుతున్నాడు. సర్వేయరు రెండుసార్లు వచ్చి కొలిచాడు. రెండు కొలతలూ కలవలేదు. బావి పోతే నా చెరుకు పోతుంది, దాంతో పాటు నేనూ పోతాను.

కాబట్టి రాయి తెల్లవాళ్ల కాలం నుంచి ఆ చోటే ఉందని యూనివర్సిటీ కాగితం మీద రెండు ముక్కలు రాసి, ముద్ర వేసి పంపు.

ఇక పసుపు సంగతి. అది మా నాయన పెట్టిన వాడుక. ఆయన చెప్పిన మాట చెప్పినట్టే రాస్తున్నాను: "రాయిని రాయి మాదిరి ఇడిస్తే దాయాది జరుపుతాడు రా. దేవుణ్ని సేస్తే సెయ్యి పెట్టను బయపడతాడు."

ఇట్లు,
నీ మేలు కోరే
చెంగల్రాయుడు

తా.క.: టెంకాయ ఏ రోజు కొడతారని అడిగావు ఆరోజు. వారం, తిథి ఏమీ లేవు. మునిరామయ్య గట్టు మీద కనిపించినప్పుడల్లా కొడతాం.


తిరుపతి,
5-8-1998.

పూజ్యులు చెంగల్రాయుడు గారికి నమస్కరించి,

మీ ఉత్తరాన్ని విభాగంలో అందరికీ చదివి వినిపించాను. అందరూ అంటే నేను, గంగాధరం గారు, అటెండరు.

మీ నాయన గారి మాట పైకి కనిపించే అర్థం మాత్రమే. అణగారిన రైతు పరిశోధకుడికి అసలు నిజం చెప్పడు, దాచుకుంటాడు. అందువల్ల మీరు చెప్పింది నమ్మకపోవడమే మేము మీకిచ్చే గౌరవమని గంగాధరం గారు సెలవిచ్చారు. దాయాది అన్నదీ ఒక ముసుగే. మునిరామయ్య వెనక ఉన్నది బ్రిటిష్ ప్రభుత్వం.

వచ్చే జనవరిలో ఇక్కడ అంతర్జాతీయ సదస్సు ఉంది. దానికి నా పత్రం పేరు "పసుపు పూసిన సామ్రాజ్యం". అందులో ఒకటే లోటు కనిపిస్తోంది. తెల్లవాడు పెట్టినచోటే రాయి ఉందంటే అది విధేయత. ఒక్క అడుగైనా జరిపి ఉంటేనే ధిక్కారం. ఆఫ్రికాలో, కరీబియన్ దీవుల్లో రైతులు ఇట్లాంటి రాళ్లు జరిపే ఉంటారని గంగాధరం గారి నమ్మకం. ఆయన ఆ దేశాలకు వెళ్లలేదు. ఐరాలకూ రాలేదు. అయినా అన్నిచోట్లా ఒకటేనంటారు.

మరి మీవాళ్లు రాయిని జరిపారా? జరిపితే ఎంత?

మీ జవాబు కోసం ఎదురుచూస్తూ,
జయచంద్ర

తా.క.: మీరడిగిన ముద్ర మా విభాగంలో పోయి మూడేళ్లయింది. గంగాధరం గారి సంతకమే ముద్ర కింద చెల్లుతోంది. ఆయన సంతకం పెట్టాలంటే ముందు నా అధ్యాయం పూర్తి కావాలి.


చింతగుంటపల్లె,
12-8-1998.

చిరంజీవి జయచంద్రకు దీవెనలు.

నీ ఉత్తరం చదివి గుండె గుభేలుమంది. జరిపారా, ఎంత జరిపారు అని ఉత్తరాల్లో అడిగే మాటలా అవి? మా పోస్ట్‌మ్యాన్ మునిరామయ్యకు వరుసకు బావమరిది.

ఆ రాయిని ఎవరూ ముట్టుకోలేదు. మా నాయన ముట్టుకోలేదు. నేను ముట్టుకోలేదు. మా ఎద్దు దానికి ఒళ్లు రుద్దుకోబోతే కూడా అదిలించాం, అదీ ముట్టుకోలేదు. తాయమ్మ పసుపు పూసేటప్పుడు వేలికొసతో పూస్తుంది. ఇంతకన్నా ఏం చెప్పాలి?

ఇంకోటి. మునిరామయ్య వెనక బ్రిటిష్ ప్రభుత్వం ఉందన్నావు. నిజమేనా? అతని వెనక ఉన్నది వకీలు ఒక్కడే అనుకుంటున్నాం ఇన్నాళ్లూ. మా వకీలుకు నీ ఉత్తరం చూపిస్తే మొహం మాడ్చుకుని, "అంత పెద్దోళ్లు ఉండారని ముందే సెప్పుంటే నేను ఈ కేసు పట్టుకునేవాణ్నే కాదప్పా" అన్నాడు. వెంటనే వివరం రాయి.

ఇట్లు,
చెంగల్రాయుడు

తా.క.: నీకు ధిక్కారమే కావాలంటే వేరేది ఇస్తాను. మా చిన్నాయన ఒక రెవెన్యూ ఇన్‌స్పెక్టర్ని ఎనుముల కొట్టంలో, గేదెల మధ్య పెట్టి సాయంత్రం దాకా గడియ వేశాడు. అది నిక్షేపంగా రాసుకో. రాయి జోలికి మాత్రం రావద్దు.


తిరుపతి,
3-2-1999.

ధిక్కార వారసులు చెంగల్రాయుడు గారికి వినమ్రంగా,

సదస్సు దిగ్విజయంగా జరిగింది. పత్రాలన్నీ పుస్తకంగా వచ్చాయి. మీకో ప్రతి పంపుతున్నాను, 47వ పేజీ చూడండి: "చింతగుంటపల్లె రైతు చెంగల్రాయుడి వంశం సర్వే రాయిని పెకలించి, మరోచోట నాటి, సామ్రాజ్యం గీసిన పటాన్నే తిరగరాసింది."

మీరు వద్దన్నారని నాకు గుర్తుంది. కానీ మీ ఖండనే నాకు ఆధారమైంది. ముట్టుకోలేదు, ముట్టుకోలేదు అని ఒకే ఉత్తరంలో నాలుగుసార్లు రాశారు. ఏమీ జరగనిదే ఎవరైనా నాలుగుసార్లు ఎందుకు చెబుతారని గంగాధరం గారు అడిగారు. ఎద్దును కూడా ప్రస్తావించడం మరీ అనుమానంగా ఉందన్నారు.

నేను చదువుతుంటే విదేశీ ఆచార్యుడు ఒకాయన లేచి నిలబడ్డారు. బాత్‌రూం ఎక్కడని అడగడానికి లేచారని తర్వాత తెలిసింది. కానీ ఫొటోలో మాత్రం నిలబడి వింటున్నట్టే పడింది.

బ్రిటిష్ ప్రభుత్వం గురించి మీ వకీలును కంగారుపడవద్దనండి. అది కోర్టుకు హాజరయ్యే రకం కాదు.

కృతజ్ఞతలతో,
జయచంద్ర

తా.క.: పరిశోధకుడు రెండు పక్షాలనూ సమానంగా చూడాలి. అందుకని ఇంకో ప్రతిని మునిరామయ్య గారికి రిజిస్టర్డ్ పోస్టులో పంపాను.


చింతగుంటపల్లె,
15-2-1999.

శ్రీయుతులు జయచంద్ర గారికి చెంగల్రాయుడు రాయడమేమనగా, ఈసారి దీవెనలు లేవు.

నిన్నటిదాకా కోర్టులో మునిరామయ్య దగ్గర నోరు తప్ప ఆధారం లేదు. ఇప్పుడు అట్టవేసిన పుస్తకం ఉంది. వాయిదా రోజున అతని వకీలు 47వ పేజీ తీసి గంట కొట్టినట్టు చదివాడు. జడ్జి గారు కళ్లద్దాలు సర్దుకుని, "ఇది మీ వంశం గురించేనా?" అని అడిగారు.

"మా వొంశం గురించే సామీ. కానీ రాసినోడు మా కాలవలో పడినోడు సామీ" అన్నాను.

కోర్టంతా నవ్వింది. మా వకీలు కూడా నవ్వాడు, నాకు అది ఎక్కువ కష్టమనిపించింది. తర్వాతి వాయిదా మార్చి 22న. ఆలోగా నువ్వు రాసింది అబద్ధమని రాసిస్తే సరి. లేదంటే బావి పోయినట్టేనని వకీలు తేల్చేశాడు. తోటలో చెరుకు నడుమెత్తు ఉంది. ఇప్పుడు నీళ్లు ఆగితే పశువుల మేతకు తప్ప పనికిరాదు. మీ పుస్తకంలో ఎన్ని దేశాలున్నాయో నాకు తెలియదు, నాకున్నది ఈ మూడెకరాలే.

ధిక్కార వారసుడంట! నేను అడిగానా నిన్ను?

ఇట్లు,
కె. చెంగల్రాయుడు, రైతు

తా.క.: మునిరామయ్య నీ పుస్తకాన్ని పట్టుగుడ్డలో చుట్టి పూజగదిలో పెట్టాడు. పసుపు కూడా పూశాడంట. దాని మీద ఇంకో పత్రం రాసుకో.


తిరుపతి,
22-2-1999.

గౌరవనీయులు చెంగల్రాయుడు గారికి,

మీ ఆవేదన అర్థమైంది. కానీ ఒక సిద్ధాంతపరమైన చిక్కు ఉంది. రచన అచ్చయ్యాక దాని అర్థం రచయిత చేతుల్లో ఉండదు, పాఠకుడి చేతికి పోతుంది. జడ్జి గారూ ఒక పాఠకుడే. ఆయన చదువుకున్న తీరుకు నేను బాధ్యుణ్ని కాను.

పైగా మార్చి 20న నా వైవా. అంటే నలుగురు పెద్దలు ప్రశ్నలడిగి డాక్టరేట్ ఇచ్చే రోజు. నా సిద్ధాంతమంతా ఆ రాయి జరగడం మీద నిలబడి ఉంది. రాయి జరగలేదని ఇప్పుడు రాస్తే నేను జరగాల్సి వస్తుంది, మా గూడూరుకు. అక్కడ మా మామ నిమ్మకాయల మండీలో నా కోసం ఒక కుర్చీ ఆరేళ్లుగా ఖాళీగా ఉంచాడు.

దయచేసి రాయి జరగడాన్ని నేరంగా చూడకండి. పల్లె ప్రజల సృజనగా చూడండి.

మీ శ్రేయోభిలాషి,
జయచంద్ర

తా.క.: జడ్జి గారు 47వ పేజీతో ఆపేశారా? 48లో మీ వంశాన్ని ఇంకా మెచ్చుకున్నాను. ఆయనను అది కూడా చదవమనండి.


చింతగుంటపల్లె,
4-3-1999.

జయచంద్రకు,

మెచ్చుకోలు చాలు. విషయం కోర్టు దాటిపోయింది.

మొన్న సంతలో పదిమంది ముందు మునిరామయ్య నా దారికి అడ్డం నిలబడ్డాడు. "కోర్టు ఏందికబ్బా మనకు? పందొమ్మిదో తేదీ శుక్రవారం కాణిపాకం రా. మీవోళ్లు రాయిని జరపలేదని సామి ముందర సెప్పు. సెప్పితే బావి నీదే, దావా నేనే వాపసు తీసుకుంటా" అన్నాడు.

నువ్వు గూడూరువాడివి, నీకు దీని బరువు తెలియదు. తలస్నానం చేసి, తడిబట్టలతో కాణిపాకం వినాయకుడి ముందు అబద్ధం ఆడినవాడు బాగుపడడు. మా పక్క కోర్టులో బొంకినవాళ్లు ఊరికి పదిమంది ఉంటారు. కాణిపాకంలో బొంకినవాణ్ని నేను ఇంతవరకు చూడలేదు.

పదిమంది ముందు కాబట్టి "వస్తా పో, బయమా నాకు?" అనేశాను. ఇంటికొచ్చినప్పటి నుంచి అన్నం దిగడం లేదు. నువ్వు ఆ కాగితం పంపితే దాన్ని మునిరామయ్య మొహాన కొట్టి, ఇక ప్రమాణం దేనికి అనొచ్చు. నీ మీద కోపం లేదు, బతిమాలుతున్నాను. నీ తండ్రి వయసువాణ్ని.

ఇట్లు,
చెంగల్రాయుడు

తా.క.: "తప్పు సెయ్యనోడికి కాగితం కన్నా ప్రమాణమే సులువు గదా" అని తాయమ్మ అడిగింది. నేను లేచి తోటకు పోయాను.


తిరుపతి,
13-3-1999.

పెద్దలు చెంగల్రాయుడు గారికి,

మీ ఉత్తరం చదివాక నాకు సిగ్గేసింది. ఇది సిద్ధాంతం కాదు, ఉన్నమాట. ఒక మనిషి బావిని నా అధ్యాయం కోసం వాడుకున్నాను. ఆ మనిషి పంచె ఇంకా నా గదిలోనే ఉంది.

గంగాధరం గారి దగ్గరికి వెళ్లి ఆ అధ్యాయం తీసేస్తానని చెప్పాను. ఆయన కిటికీ నుంచి సైకిళ్లను చూసి, "రాయి కదలకపోతే నీ థీసిస్సూ కదలదు" అన్నారు. కదలకపోయినా సరేనన్నాను. వైవా వాయిదా పడింది. ఇంకో రెండేళ్లు పడుతుంది.

సర్టిఫికెట్ జతచేశాను. చింతగుంటపల్లె సర్వే రాయి నాటిననాటి నుంచి నేటివరకు ఒక్క అంగుళం కూడా కదలలేదని మా పరిశోధనలో నిర్ధారణ అయినట్టు అందులో ఉంది. మీరు నాలుగుసార్లు చెప్పిన మాటను మొదటిసారే నమ్మి ఉండాల్సింది. క్షమించండి.

మీ పాదాలకు నమస్కరిస్తూ,
జయచంద్ర

తా.క.: సర్టిఫికెట్‌ను గంగాధరం గారు చదవకుండానే సంతకం చేశారు. పుస్తకానికీ అట్లాగే చేశారు గనక చట్టం ముందు రెండూ సమానమే.


చింతగుంటపల్లె,
25-3-1999.

చిరంజీవి జయచంద్రకు చెంగల్రాయుడు, తాయమ్మ దీవించి రాసేది. నీకు నూరేళ్లు. నీ సర్టిఫికెట్ అందింది. ఎవరికీ చూపించలేదు.

శుక్రవారం దాన్ని జేబులో పెట్టుకుని బయలుదేరుతుంటే తాయమ్మ గడపలో నిలబడింది. "ఆ కాగితం జడ్జి సదువుతాడు. వినాయకుడు సదవడు" అంది. నేను కాగితాన్ని బీరువాలో పెట్టేసి పోయాను.

నీకు ఇప్పుడు నిజం చెప్పాలి. రాయిని మా నాయన జరిపాడు. 1952లో, ఊరంతా జాతరకు పోయిన మధ్యాహ్నం. గడ్డపార పట్టింది నేనే, అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. "నోరు తెరవద్దు" అన్నాడు, అంతే. ఎందుకని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. దాయాది భూమి దొంగిలించాడనే అనుకున్నాను. నలభై ఏడేళ్లు ఆ బావి నీళ్లు తాగినప్పుడల్లా మా నాయన దొంగ అనే అనుకున్నాను. నీ ఉత్తరం చూసి నా గుండె ఎందుకు గుభేలుమందో తెలిసిందా? ఎవరూ చూడనిది నువ్వు తిరుపతిలో కూర్చుని ఎట్లా కనిపెట్టావా అని!

కాణిపాకంలో ఇద్దరం తడిబట్టలతో నిలబడ్డాం. నేను పంచె కొస పిండుకున్నాను, మళ్లీ పిండుకున్నాను.

"ఏం చెంగల్రాయా?" అన్నాడు మునిరామయ్య.

"మా నాయన జరిపినాడప్పా. ఎనిమిది గజాలు. బావి నువ్వే తీసుకో" అన్నాను.

మునిరామయ్య సంతోషపడతాడనుకున్నాను. ఉన్నచోటే కూలబడి, తల పట్టుకున్నాడు. "సామి ముందర నేనెట్లా తీసుకునేదబ్బా? అంతకు ముందేడు మా నాయన రాయిని పది గజాలు మీ పక్కకు నాటినాడు, బావి మాకు వస్తాదని. రాయి ఎనిమిది గజాలు ఎనక్కి పొయ్యుండేది సూసినాడు. ఎవురు జరిపినారో తెలిసినా అడగలేకనే సచ్చిపోయినాడు. అడిగితే ముందు దొంగ ఆయనే గదా" అన్నాడు.

అక్కడే ఏడ్చేశాను నాయనా. దాచను. మా నాయన దొంగ కాదు. తన బావిని తాను వెనక్కి తెచ్చుకున్నాడు, అదీ రెండు గజాలు తక్కువగా. ఆ మాట నాకు ఒక్కసారి చెప్పి ఉంటే ఏం పోయేది? నేనైనా అడిగి ఉండాల్సింది.

ఇద్దరం ఒకే బస్సులో వచ్చాం. టికెట్లు అతనే తీశాడు. 22వ తేదీన కోర్టులో రాజీ కాగితం ఇచ్చాం. బావి నాది, వారంలో రెండు రోజులు నీళ్లు అతనివి. ఇద్దరు వకీళ్లు మాత్రం చావుకొచ్చినట్టు మొహాలు పెట్టారు.

కాబట్టి లెక్క చూసుకో. పుస్తకంలో నువ్వు రాసింది నిజం, చెప్పిన కారణం అబద్ధం. సర్టిఫికెట్‌లో కారణం మంచిది, రాసింది అబద్ధం. రెండూ నువ్వు గట్టు మీద పట్టుమని పది నిమిషాలు కూర్చోకుండా రాసినవే. ఆ అధ్యాయం మళ్లీ రాయి, వైవాకు పో. కానీ తెల్లవాణ్ని మాత్రం అందులోంచి తీసెయ్యి. తెల్లవాడు ఎక్కడున్నాడో మా నాయనకు తెలియనే తెలియదు. దాయాది పక్క పొలంలోనే ఉన్నాడు.

ఇట్లు,
నీ క్షేమం కోరే
చెంగల్రాయుడు

తా.క.: ఈ ఉత్తరం మునిరామయ్య పక్కన కూర్చుని చదివించుకున్నాడు. కొత్త పుస్తకంలో తమ వంశం పేరే ముందు రావాలంటున్నాడు. మా నాయన జరిపింది ఎనిమిది గజాలు, వాళ్ల నాయన పది గజాలు కాబట్టి, ధిక్కారం వాళ్ల ఇంట్లోనే ఎక్కువంట. నేను ఒప్పుకోలేదు. మాట మాట పెరిగింది. రేపు మళ్లీ వకీలు దగ్గరికి పోతున్నాం. ఎన్ని గజాలకు ఎంత ధిక్కారమో యూనివర్సిటీ కాగితం మీద రాసి వెంటనే పంపు.